జేబులో ఫోను ఎవరి అవసరం?

సెల్‌ఫోను ఇప్పుడు రెండు వేర్వేరు పనులు చేస్తోంది. ఒకటి, మనుషుల్ని మాట్లాడించడం. రెండోది, ఈ మనిషి ఫలానా మనిషేనని ఆఫీసుకో బ్యాంకుకో రుజువు చూపడం. ఎక్కడికెళ్లినా ఫోను వెంట ఉండాలా అన్న ప్రశ్నకు ఈ రెండింటినీ కలిపేసి జవాబు చెప్తున్నారు కాబట్టే వాదన తెగడం లేదు. మాట్లాడటానికైతే రోజులో చాలా గంటలు అది అక్కర్లేదు. రుజువు మాత్రం ఎవరు ఎప్పుడు అడుగుతారో తెలియదు, అందుకని మోయక తప్పదు. ఈ తప్పనిసరి జనం కోరి తెచ్చుకున్నది కాదు. ఆఫీసులు తమ పని తేలిక చేసుకోవడానికి పెట్టుకున్నది. తమిళనాడులోని ధర్మపురి జిల్లాలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

తెలుగువాళ్లకు ధర్మపురి అనగానే గోదావరి ఒడ్డున ఉన్న నరసింహస్వామి గుర్తొస్తాడు. ఇది ఆ ఊరు కాదు. అతియమాన్ ఏలిన పాత తగడూరు ఇది. 1965 అక్టోబరు 2న సేలం నుంచి విడిపడి జిల్లా అయింది, 2004లో కృష్ణగిరి, హోసూరు ప్రాంతాలు వేరే జిల్లాగా వెళ్లిపోయాయి. మిగిలినవి మెట్టపొలాలు, అడవి కొండలు, పాలక్కోడు టమాటా, హొగెనకల్ దగ్గర కావేరి. వానలు సరిగా పడని ఏడాది పెన్నాగరం, హరూరు వైపు నుంచి జనం బెంగళూరు కట్టడాలకో తిరుప్పూరు బనియన్ కంపెనీలకో పోతారు. వలసపోయే జిల్లాలో ఫోనుకు విలువ ఎక్కువ. అది కాదనేవాళ్లు ఎవరూ ఉండరు.

చేతిలో పట్టుకునే ఫోనుతో మొదటి కాల్‌ను 1973 ఏప్రిల్ 3న న్యూయార్క్ వీధిలో నిలబడి మార్టిన్ కూపర్ చేశాడు. మన దేశంలో 1995 జులై 31న కలకత్తా నుంచి జ్యోతిబసు ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. అప్పట్లో నిమిషానికి 16 రూపాయల దాకా పడేది, వచ్చిన కాల్‌కు కూడా డబ్బు కట్టాలి. 2003లో వచ్చే కాల్ ఉచితం అయ్యాకే సెల్లు కూలీల చేతికి దిగింది. మిస్డ్ కాల్ ఇచ్చి ఊరుకుంటే అవతలివాళ్లు చేస్తారు, పైసా ఖర్చు లేదు. అంతకుముందు ఈ పని ఎస్టీడీ బూత్ చేసేది. బెంగళూరులో ఉన్న మేస్త్రీ రాత్రి ఛార్జీ తగ్గాక ఊరి బూత్‌కు ఫోను చేస్తే, బూత్ ఆయన పిల్లాణ్ణి పంపి ఇంట్లోవాళ్లను పిలిపించేవాడు. ఆ బూత్‌లు మూతపడ్డాయి. 2013 జులైలో టెలిగ్రామ్ కూడా ఆగిపోయింది. సెల్లు లేకపోతే ఎలా అన్న భయంలో కొంత నిజమైన అవసరం, మిగతాది పాత దారులు మూసుకుపోవడం వల్ల వచ్చింది. ఫోను మీద వాదించేవాళ్లు ఈ రెండో సంగతిని సాధారణంగా వదిలేస్తారు.

ఫోను ఎంత ఖరీదుదైనా ఒంటరిగా ఏమీ చేయలేదు. కొన్ని కిలోమీటర్లలో టవరు ఉండాలి, మధ్యలో కొండ అడ్డు రాకూడదు. సిత్తేరి కొండల్లో, పెన్నాగరం అడవి అంచు ఊళ్లలో ఈ రెండూ కుదరడం కష్టం. టవరు కట్టాలంటే అటవీశాఖ అనుమతి కావాలి, కరెంటు కావాలి, పైకి సామాను చేర్చడానికి దారి కావాలి. రోడ్డు లేని కోట్టూరు కొండకు 2021 శాసనసభ ఎన్నికల్లో ఓటింగ్ యంత్రాలను గాడిదల మీద పంపారు. గాడిద మీద ఎక్కిన ఆ యంత్రం అక్కడ చక్కగా పనిచేసింది, దానికి టవరుతో పని లేదు మరి. సిగ్నల్ బలహీనపడేకొద్దీ ఫోను తన ప్రసార శక్తిని పెంచుకుంటుంది, టవరు కోసం వెతుకుతూనే ఉంటుంది. కొండెక్కితే ఛార్జింగ్ తొందరగా అయిపోయేది అందుకే. కవరేజీ లేని 24,680 గ్రామాలకు 4జీ చేర్చడానికి కేంద్రం 2022 జులైలో 26,316 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించి బీఎస్ఎన్ఎల్‌కు అప్పగించింది. అంటే దేశంలో అన్ని వేల ఊళ్లలో, జేబులో ఉన్నా ఫోను లేనట్టేనని ప్రభుత్వమే లెక్క తేల్చిందన్నమాట.

ఫోను వెంట ఉండాలనడానికి అన్నిటికంటే బలమైన కారణం ఆపద. 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది, తమిళనాడుకు 2008 సెప్టెంబరులో వచ్చింది. నొప్పులు మొదలైన గర్భిణికి, పాము కరిచిన రైతుకు, నడిరాత్రి ఒంటరిగా బస్సు దిగిన ఆడపిల్లకు అది ప్రాణాధారం. దీన్ని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. అయితే 108కి ఫోను చేయడానికి గుంపులో ఒక్కరి దగ్గర ఉంటే చాలు, కళ్లం దగ్గర పదిమంది ఉంటే పది ఫోనులు అక్కర్లేదు. ఒంటరిగా అడవికో దూరపు పొలానికో వెళ్లేవాళ్ల సంగతి వేరు, వాళ్లు తీసుకెళ్లాల్సిందే. సిగ్నల్ లేని కొండమీద మాత్రం ఆపద వేళ నమ్మాల్సింది కాళ్లనూ రోడ్డునూ.

ఆపదకు అక్కరకొచ్చే ఆ వస్తువే ఆపద తెచ్చే చోటు కూడా ఈ జిల్లాలోనే ఉంది. ధర్మపురి నుంచి సేలం వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి తొప్పూరు కనుమలో వాలుగా, మలుపులుగా దిగుతుంది. బరువెక్కువైన లారీలకు బ్రేకులు పట్టు తప్పి ముందున్న బళ్లను గుద్దుకుంటూ పోయిన ప్రమాదాలు అక్కడ ఎన్నో. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా కదులుతుంది. స్క్రీన్ వైపు మూడు సెకన్లు చూస్తే 50 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం బండి నడుపుతూ ఫోను చేత్తో పట్టుకోవడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందే లెక్కగట్టింది, మొదటిసారి దొరికితే జరిమానా వెయ్యి నుంచి ఐదు వేలు, జైలు కూడా పడొచ్చు. బండిలో ఫోను ఉండొచ్చు, అది చేతికందే చోట ఉండాల్సిన పని లేదు.

ఫోను లేకుండా గంటలు గడపలేమన్న మాట ఎంతవరకు నిజమో గుళ్లు తేల్చేశాయి. తిరుమలలో క్యూలోకి వెళ్లేముందే ఫోను అప్పగించాలి. మదురై మీనాక్షి ఆలయంలో 2018 ఫిబ్రవరిలో అగ్నిప్రమాదం జరిగాక మార్చి నుంచి భక్తుల ఫోనులు నిషేధించారు. తిరుచెందూరు ఆలయం మీద వేసిన పిటిషన్‌లో మద్రాసు హైకోర్టు మదురై బెంచి 2022 డిసెంబరులో తమిళనాడు గుళ్లన్నిటిలో ఫోనులు ఆపమని చెప్పింది. పళనిలో 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. కౌంటర్‌లో ఫోను పెట్టి టోకెన్ తీసుకుని లోపలికి వెళ్లినవాళ్లు గంటలకొద్దీ క్యూలో నిలబడి బయటికొస్తున్నారు. ఈలోగా వాళ్ల వ్యాపారాలేమీ మునిగిపోవడం లేదు. దేవుడు అడిగితే వదిలేసినదాన్ని భోజనం దగ్గర ఇల్లాలు అడిగితే వదలలేకపోవడం అవసరం కింద లెక్కకు రాదు.

అసలు చిక్కు రుజువు దగ్గర ఉంది. తమిళనాడు ప్రభుత్వం ఇంటి ఆడవాళ్లకు నెలకు వెయ్యి రూపాయలిచ్చే కలైంజర్ మగళిర్ ఉరిమైత్తొగై పథకానికి దరఖాస్తుల నమోదును ముఖ్యమంత్రి స్టాలిన్ 2023 జులై 24న తొప్పూరులోనే ప్రారంభించారు. వేలిముద్ర సరిగా పడకపోతే ఆధార్‌కు లింకైన నంబరుకు ఓటీపీ వస్తుంది కాబట్టి ఫోను తెచ్చుకుంటే మంచిదని అధికారులు ముందే చెప్పారు. సెప్టెంబరు 15న డబ్బు పంపిణీ మొదలయ్యాక, ఎవరి దరఖాస్తు ఎందుకు కాదన్నారో కూడా ఎస్ఎంఎస్‌గానే వచ్చింది. కలుపు తీసి, మట్టి మోసి గీతలు అరిగిపోయిన వేళ్లకే ముద్ర పడదు. ఆ చేతులున్న ఇంట్లోనే ఫోను ఒకటే ఉంటుంది, అదీ మగాడితో పాటు బెంగళూరులో ఉంటుంది. ఓటీపీ అక్కడ మోగితే, ఆ నంబర్లు ఇక్కడ చెప్పించుకోవడానికి పక్కింటి ఫోను అడుక్కోవాలి. అందరి దగ్గరా ఎప్పుడూ ఫోను ఉంటుందన్న లెక్క మీద కట్టిన ఏర్పాటు మొట్టమొదట తడబడేది ఇలాంటి గడప ముందే.

నూరు రోజుల పనిలోనూ ఇదే వరస. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనిచోట ఎన్ఎంఎంఎస్ యాప్‌లో రోజుకు రెండుసార్లు ఫొటో తీసి హాజరు వేయడం తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేకపోతే ఫొటో తీసి ఉంచి తర్వాత పంపొచ్చన్నారు. కాగితం మీద హాజరు వేసినప్పుడు దొంగ పేర్లు ఎక్కేవన్నది నిజమే, ఆ మోసాన్ని ఆపాల్సిందే. కానీ పనిచేసిన మనిషి అక్కడే కళ్లముందు ఉండగా ఫొటో ఎక్కలేదని కూలి ఆగితే, ఆ మోసానికి శిక్ష మోసం చేయనివాళ్లకు పడుతోంది. రైల్వే 2025 జూన్‌లో ప్రకటించిన నిబంధన ఇంకో మెట్టు ఎక్కింది. స్టేషన్ కౌంటర్‌లో డబ్బిచ్చి కొనే తత్కాల్ టికెట్‌కు కూడా ఫోనుకొచ్చే ఓటీపీ చెప్పాలట. కౌంటర్ ఉన్నదే ఫోనుతో పని కానివాళ్ల కోసం కదా!

డబ్బు విషయంలో ఇంత బిగింపు లేదు. 2016లో వచ్చిన యూపీఐ టీకొట్టు దాకా పాకింది, 2022 మార్చిలో మామూలు బటన్ ఫోనుకు యూపీఐ 123పే కూడా తెచ్చారు. చిల్లర గొడవ తప్పినందుకు అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ సంతోషించారు. నోటు చెల్లుతూనే ఉంది, అందుకే ఇక్కడ ఫోను సౌకర్యంగా మిగిలింది. డ్రైవింగ్ లైసెన్సు కూడా అంతే, డిజిలాకర్‌లో చూపినా కార్డు చూపినా చెల్లుతుంది.

ఫోను అడగకుండానే పెద్ద పథకం నడపొచ్చని కూడా ధర్మపురి బస్సులే చూపిస్తున్నాయి. 2021 మే నుంచి తమిళనాడు సాధారణ టౌన్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. ఆధార్ చూపమని గాని, నంబరు చెప్పమని గాని కండక్టర్ అడగడు. ఎక్కింది ఆడమనిషి అయితే చాలు. తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో మొదలైన ఉచిత ప్రయాణాలకు గుర్తింపు కార్డు చూపాలి. తమ రాష్ట్రం వాళ్లకే ఇవ్వాలన్నది అక్కడి కారణం. తమిళనాడు ఆ వడపోత పెట్టుకోలేదు, పొరుగు రాష్ట్రం ఆడమనిషి ఒకామె ఉచితంగా వెళ్తే పోయేదేముంది? ఓటీపీ పెట్టే ప్రతి ఆఫీసూ ముందు ఈ లెక్క వేసుకోవాలి. వడపోతలో ఎంత మిగులుతుంది, ఆ వడపోతలో చిక్కుకుని అసలు హక్కుదారులు ఎంతమంది ఆగిపోతారు?

ఫోను మోయడం తప్పనిసరి చేస్తే దాన్ని బతికించి ఉంచడమూ తప్పనిసరి అవుతుంది. ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు ఏ వాడకమూ లేకుండా పడి ఉంటే, అందులో కనీసం 20 రూపాయలైనా నిల్వ లేకపోతే, కంపెనీ దాన్ని తీసేయొచ్చు, తర్వాత ఇంకొకరికి ఇవ్వొచ్చు. రీఛార్జికి డబ్బు లేక మూడు నెలలు వదిలేసిన కూలీ నంబరు అలా పోతే ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా మూడూ ఎవరో తెలియని మనిషి ఫోనుకు లింకై ఉంటాయి. మార్చుకోవాలంటే ఒక పూట కూలి మానుకుని ఆధార్ కేంద్రానికి బస్సెక్కాలి. కాబట్టి ఓటీపీ అడిగే ప్రతి కౌంటర్‌లోనూ కార్డు చూసి, కాగితం మీద సంతకమో వేలిముద్రో తీసుకుని పని చేసిపెట్టే ఇంకో దారి రాతపూర్వకంగా ఉండాలి. ఆ దారి ఉందని బోర్డు కూడా పెట్టాలి. అది జరిగితే, పొలానికి వెళ్తూ ఫోను ఇంట్లో పెట్టాలా వెంట తీసుకెళ్లాలా అన్నది ఎవరిష్టం వాళ్లది.