ఆయాసం గుండెదా.. ఊపిరితిత్తులదా? ఈ రక్తపరీక్ష ఎంతవరకు చెబుతుంది?

మెట్లెక్కితే ఆయాసం.. పాదాల్లో వాపు. వయసు మీద పడిందనో, ఆస్తమా అనో చాలామంది సరిపెట్టుకుంటారు. కానీ అది హార్ట్ ఫెయిల్యూర్ కావొచ్చు. అంటే శరీరానికి కావాల్సినంత రక్తాన్ని గుండె పంప్ చేయలేకపోవడం.

ఇక్కడే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ టెస్ట్ పనికొస్తుంది. గుండె గోడలపై ఒత్తిడి పెరిగితే ఇది రక్తంలోకి ఎక్కువగా వస్తుంది. ఉన్నట్టుండి ఆయాసంతో ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లలో ఇది మిల్లీలీటరుకు 300 పికోగ్రాముల లోపుంటే, ఆ ఆయాసానికి హార్ట్ ఫెయిల్యూర్ కారణం దాదాపు కానట్టే.

అయితే ఎక్కువ వచ్చినంత మాత్రాన హార్ట్ ఫెయిల్యూరే అనుకోవద్దు. వయసు, కిడ్నీ సమస్య, గుండె లయ తప్పడం వల్ల కూడా పెరుగుతుంది. ఊబకాయం ఉంటే తక్కువగా చూపిస్తుంది. అందుకే ఎకో కూడా చేయించాలి.

మరి ఈ నంబర్ చూసి మందులు మార్చొచ్చా? 2017లో వెలువడిన గైడ్-ఐటీ అధ్యయనంలో 894 మందిపై ఇదే పరిశీలించారు. మామూలు చికిత్స కంటే అదనపు లాభం కనిపించలేదు. కాబట్టి రిపోర్టులో అంకె తగ్గిందని సొంతంగా మందులు ఆపేయొద్దు. రెండు, మూడు రోజుల్లోనే బరువు పెరిగినా, పడుకుంటే ఊపిరాడకపోయినా వెంటనే డాక్టర్‌ని కలవాలి.