అంకెను నమ్మేముందు

డిజిటల్ పి.హెచ్. మీటరు నేడు విద్యార్థుల ఇండ్లకు సైతం చేరింది. బోరునీటి ఆమ్ల, క్షార గుణాలను మనమే కొలుస్తున్నాము. సంతోషమే. కాని తెరపై కనిపించిన అంకె అంతా సత్యమని భ్రమించరాదు. ఈ మానంలో ఒక్క యూనిట్టు తేడా పదింతల తేడాకు సమానము. కనుక ముందుగా 7, 4 విలువలుగల తాజా బఫర్ ద్రావణాలతో మీటరును సరిచూడాలి. గాజు ఎలక్ట్రోడును స్వేదనజలంతో కడిగి, రుద్దక, మెత్తని కాగితంతో తడి అద్దాలి. దానిని ఎండనీయరాదు; స్వేదనజలంలో నిలువ ఉంచరాదు; పొటాషియం క్లోరైడు ద్రావణంలో భద్రపరచాలి. ఇంటి మీటర్లను సరిచూసుకొనేందుకు కళాశాల ప్రయోగశాలలో బఫర్ ద్రావణాలను అందుబాటులో ఉంచవలసినదిగా కమిటీ పెద్దలకు మా మనవి. సరిచూడని మీటరుతో వ్రాసుకొన్న కొలత, ఎంత చక్కని దస్తూరితో వ్రాసినా, నోటుపుస్తకంలో చేరిన అసత్యమే.