చెవిలో పాట, వెనక కారు

నడక బూట్ల గురించి రాశాక మీలో చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే: "బూట్లు సరే, చెవుల్లో ఏం పెట్టుకోమంటారు?" అడగడం సబబే. ఇంట్లో ఎవరూ మనల్ని పిలవని సమయం రోజు మొత్తంలో ఆ అరగంటే. పైగా వేసవిలో న్యూజెర్సీలో ఉదయం ఆరున్నర అంటే అమ్మావాళ్ళకి సాయంత్రం నాలుగు, టీ వేళ. కబుర్లు చెప్పుకుంటూ రెండు మైళ్ళు తెలియకుండానే నడిచేస్తాం.

కొనేముందు చూడాల్సింది సౌండ్ ఎంత బాగుందని కాదు, మీరు పరిగెత్తేది ఎక్కడ అని. రోడ్డు మీదైతే ఒక రకం, జిమ్‌లో అయితే ఇంకో రకం.

రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి నా ఓటు చెవి మూయని రకానికే. ఇందులో రెండు పద్ధతులున్నాయి. ఒకటి బోన్ కండక్షన్: చెవి ముందు, చెంప ఎముక మీద ఆని ఉండి, ఎముక ద్వారా శబ్దాన్ని లోపలికి పంపుతుంది. షాక్స్ కంపెనీవి ఈ రకంలో బాగా తెలిసినవి. రెండోది, చెవికి తగిలించుకునే చిన్న స్పీకర్. చెవి రంధ్రంలోకి వెళ్ళదు. రెండింట్లోనూ పాటలో డప్పు దరువు కాస్త పల్చగానే వినిపిస్తుంది. కానీ వెనక వచ్చే కారు వినిపిస్తుంది, సైకిల్ గంట వినిపిస్తుంది, చీకట్లో మన వెనక పడే అడుగులు కూడా వినిపిస్తాయి. ఒంటరిగా నడిచే ఆడవాళ్ళకి ఈ చివరిది ఎంత ముఖ్యమో నేను చెప్పక్కర్లేదు. ఎలక్ట్రిక్ కార్లు నెమ్మదిగా వెళ్తున్నప్పుడు ఎంత నిశ్శబ్దంగా ఉంటాయంటే, కొత్తగా వచ్చే మోడళ్ళు చప్పుడు చేసి తీరాలని యూరప్‌లో 2019 నుంచి నిబంధనే పెట్టారు. కాలిఫోర్నియాలో సైకిల్ తొక్కుతూ రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే చట్టం ఒప్పుకోదు.

"నా బడ్స్‌లో బయటి శబ్దం వినిపించే మోడ్ ఉంది కదా" అంటారా? ఉంటే వాడండి. కాకపోతే ఎదురుగాలి ఉన్న రోజున ఆ మైకులు గాలి హోరునే చెవిలో పోస్తాయి. అదీగాక, చెవి పూర్తిగా మూసుకుంటే మన అడుగులే తలలో దబదబమని మోగుతాయి. నమ్మకపోతే రెండు చెవులూ వేళ్ళతో మూసుకుని హాల్లో నాలుగడుగులు వేసి చూడండి.

జిమ్‌లో లెక్క తిరగబడుతుంది. అక్కడ స్పీకర్లలో వాళ్ళ పాటలు, ట్రెడ్‌మిల్ రొద. వాటిని మించి వినాలని మనం వాల్యూమ్ పెంచుతూ పోతాం. అందుకే అక్కడ రబ్బరు టిప్‌తో చెవిని మూసేవి, నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్నవి మేలు. తక్కువ వాల్యూమ్‌లోనే పాట వినిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పిన హద్దు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగానికి పడిపోతుంది. అంటే 89 దగ్గర 5 గంటలే. రోజుకో గంట చొప్పున ఐదు రోజులు జిమ్‌కి వెళ్తే అక్కడికే సరి. ఐఫోన్‌లో సౌండ్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే హెడ్‌ఫోన్ సేఫ్టీ అని ఉంటుంది. అక్కడ పరిమితి పెట్టేసుకోవచ్చు. పోయిన వినికిడి మళ్ళీ రాదు, అందుకే ఇంత చెప్తున్నాను.

ఇక రివ్యూలు రాసే మగవాళ్ళకి తట్టని సంగతులు. మన చెవులు చిన్నవైతే డబ్బాలో వచ్చే టిప్స్‌లో అన్నిటికన్నా చిన్నది పెట్టి చూడండి. రెండు చెవులకీ ఒకే సైజు సరిపోవాలని లేదు. పెట్టుకున్నాక తల అటూ ఇటూ ఊపండి, ఏదైనా నమలండి. దవడ కదిలితే జారేవి పరుగులో కచ్చితంగా జారతాయి. తల వెనక బ్యాండ్ ఉండే రకం జడకీ, చలికాలం టోపీకీ అడ్డం పడుతుంది. చెవి మీద కొక్కెంలా ఉండేది కళ్ళజోడు కాడతో తగువు పెట్టుకుంటుంది. బుట్టలూ మాటీలూ ఎలాగూ తీసేస్తారు, కానీ క్లిప్ రకం దుద్దుకి తగులుతుందేమో చూసుకోండి. తలకి నూనె పెట్టిన రోజున రబ్బరు టిప్ నిలవదు, నూనె జాలీలోకీ వెళ్తుంది.

చెమట సంగతి డబ్బా మీదే రాసి ఉంటుంది. ఐపీఎక్స్4 అంటే చిందే నీటిని తట్టుకుంటుంది. మామూలు కసరత్తుకి చాలు. వానలోనూ పరిగెత్తేవాళ్ళు ఐపీఎక్స్5 చూసుకోవచ్చు. ఐపీఎక్స్7 అయితే మీటరు లోతు నీళ్ళలో అరగంట మునిగినా పాడవదు. అయితే ఆ పరీక్షలు మంచినీళ్ళతో చేసేవి. మన చెమటలో ఉప్పుంటుంది. ఛార్జింగ్ డబ్బాకి చాలావరకు ఆ రక్షణ కూడా ఉండదు. కాబట్టి ఇంటికి రాగానే పొడిబట్టతో తుడిచి, ఆరాకే డబ్బాలో పెట్టండి. ఈతకి మాత్రం బ్లూటూత్ పనికిరాదు. ఆ సంకేతం నీళ్ళలో సాగదు. పాటలు తనలోనే దాచుకునే రకం కొనాలి.

రెండు రకాలూ కొనే వీలుంటే సరే. ఒక్కటే కొనాలంటే, రోడ్డెక్కే అలవాటున్న వాళ్ళు చెవి మూయనిదే కొనండి. రసీదు పారేయకండి. వాపసు గడువు లోపే ఒకసారి పరిగెత్తి, ఒకసారి నడుస్తూ అమ్మకి ఫోన్ చేయండి. "గాలి తప్ప ఏమీ వినబడట్లేదే" అని అమ్మ అందంటే, వెనక్కిచ్చేయండి.