చీర గార్డు తీసేద్దామా?

పోయిన నెల మా బర్కత్‌పుర అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి ఓ కొత్త బండి దిగింది. ఇంటర్‌సెప్టర్ 650. మా వాచ్‌మన్ దాని చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, అటో సైలెన్సర్, ఇటో సైలెన్సర్ చూసి, "ఒకటి స్పేరా సార్?" అని అడిగాడు. మా ఆవిడ ఇంకో ప్రశ్న అడిగింది: "ఏవండీ, దీని మీద సామాను ఎక్కడ పెడతారు?"

రెండోదే అసలు ప్రశ్న. ఈ వారం కబుర్లన్నీ దాని చుట్టూనే.

ఇలాంటి బళ్లని 'రెట్రో నేకెడ్' అంటారు. పేరు విని కంగారు పడకండి. ముందు భాగాన్నీ ఇంజన్‌నీ కప్పే ప్లాస్టిక్ తొడుగు లేని బండి అని అర్థం, అంతే. ఇంజన్, ట్యాంకు, గుండ్రటి హెడ్‌లైటు అన్నీ కళ్లకి కనిపిస్తుంటాయి. చూపులకి తాతల కాలం నాటిది, లోపల మాత్రం ఫ్యూయల్ ఇంజెక్షన్, ఏబీఎస్. ఈ ఇంటర్‌సెప్టర్ అనే పేరు కూడా పాతదే. 1960లలో ఇంగ్లండ్‌లోని రెడిచ్‌లో తయారై, ఎక్కువగా అమెరికా వాళ్ల కోసం ఓడలెక్కిన బండిది. అదే పేరుతో 648 సీసీ రెండు సిలిండర్ల బండిని 2017 నవంబర్‌లో మిలాన్ ప్రదర్శనలో చూపించి, 2018 నవంబర్‌లో మన దేశంలో అమ్మకానికి పెట్టారు. అప్పట్నుంచీ నేను డబ్బులు దాస్తూనే ఉన్నాను. యాభై దాటాక కొన్నాను. ఆలస్యమైందని మీరు అనుకోవచ్చు, మా ఆవిడ మాత్రం తొందరపడ్డానంటుంది.

బండి వచ్చిన మర్నాడే నారాయణగూడలో ఇరానీ చాయ్ ముందు పెట్టుకుని నోట్‌బుక్‌లో లిస్టు రాశాను. సైలెన్సర్లు మార్చాలి. హ్యాండిల్ చివర అద్దాలు పెట్టాలి. వెనక మడ్‌గార్డు పొట్టిది చేయాలి. సీటు గోధుమ రంగు లెదర్‌లో కుట్టించాలి. ఫాగ్ లైట్లు, ఫోన్ చార్జర్, పక్క సంచులు, వెనక పెట్టె. మొత్తం పదకొండు. ఆ లిస్టు పట్టుకుని పుత్లీబౌలిలో విడిభాగాల దుకాణాలు తిరిగాను. అక్కడ ఓ కుర్ర మెకానిక్ బండిని ఓ చూపు చూసి తేల్చేశాడు.

"అన్నా, ఫస్ట్ గా చీర గార్డ్ తీసెయ్. గది ఉంటె బండి లుక్కే రాదు. నాలుగు బోల్టులు, పది నిమిషాల పని. పైసలు గుడ ఇయ్యకు."

నా లిస్టులో అది లేదు. చాలామంది కుర్రాళ్ల లిస్టులో మాత్రం మొదటిది అదే. ఇప్పుడైనా మీకో సంగతి చెప్పాలి.

1988లో నాకు పదిహేనేళ్లు. మేం చిక్కడపల్లిలో అద్దెకి ఉండేవాళ్లం. నాన్నగారి మోటార్ సైకిల్‌కి చీర గార్డు తుప్పు పట్టి, గతుకు వచ్చినప్పుడల్లా గలగలలాడేది. "ఒరేయ్, అది విప్పి పడెయ్. జీతాలొచ్చాక కొత్తది వేయిద్దాం" అన్నారు. స్పానర్ తీసుకుని విప్పింది నేనే. మెకానిక్‌ని అయిపోయినంత గొప్పగా ఫీలయ్యాను కూడా. జీతాలు రాకముందే కాచిగూడలో ఓ పెళ్లి వచ్చింది. అమ్మ పట్టుచీర కట్టుకుని, ఓ పక్కకి తిరిగి కూర్చుంది. బర్కత్‌పుర చమన్ దగ్గరికి వచ్చేసరికి కొంగు చక్రంలోకి వెళ్లింది. బండి స్పీడు పెద్దగా లేదు కాబట్టి అమ్మ మాకు మిగిలింది. ఎడమ భుజం మాత్రం విరిగింది. ఈ రోజుకీ ఆ చెయ్యి భుజం దాటి పైకి లేవదు. జడ వేసుకోవాలంటే ఎవరో ఒకరు సాయం పట్టాలి.

అమ్మ ఆ విషయం నా దగ్గర ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే బావుండేదేమో.

అందుకని పుత్లీబౌలి కుర్రాడితో, "గార్డు ఉంటుంది తమ్ముడూ, లుక్కు పోతే పోనీ" అన్నాను. వాడు పాత తరం వాళ్లింతే అన్నట్టు చూశాడు.

ఇంటికొచ్చాక లిస్టు మళ్లీ మొదట్నుంచీ రాశాను. ఈసారి ప్రతి వస్తువు పక్కనా ఒకటే ప్రశ్న వేసుకున్నాను: ఇది వెనక కూర్చున్న మనిషికి మేలా, కీడా? దాంతో పాటు చట్టం కూడా చూశాను. చీర గార్డు మన ఇష్టం కాదు. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 123వది చూడండి. వెనక కూర్చునే మనిషికి పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రంలో కనీసం సగాన్ని కప్పే రక్షణ ఉండాలని అందులో ఉంది. అంటే ఈ మూడింటినీ ముట్టుకోకూడదు.

ఇక సైలెన్సర్. "సప్పుడు లేకుంటె గది బండెట్లైతది?" అనేది మెకానిక్ వాదన. 175 సీసీ దాటిన మోటార్ సైకిల్‌కి పరీక్షలో 80 డెసిబెల్స్ మించకూడదని నిబంధన. కంపెనీ ఇచ్చే సైలెన్సర్ ఆ పరీక్ష నెగ్గే వస్తుంది. బయట దొరికే గొట్టాల్లో చాలావాటికి ఏ కాగితమూ ఉండదు. విశాఖలో పోలీసులు అలాంటి గొట్టాలన్నీ రోడ్డు మీద పరిచి రోడ్ రోలర్‌తో తొక్కించిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు. బండి ఒరిజినల్ స్పెసిఫికేషన్లు మారేలా మార్పులు చేయకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టంలో 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. నా పాత లిస్టుని ఆ లెక్కన కూడి చూసుకుంటే చాయ్ గొంతు దిగలేదు. అయినా అశోక్‌నగర్ సందుల్లో పోటీ పరీక్షల పిల్లలు రాత్రీ పగలూ చదువుకుంటుంటారు. వాళ్ల కిటికీల కింద నుంచి ఢాంఢాం అంటూ పోవడానికి మనకి మనసెలా ఒప్పుతుంది? సైలెన్సర్ కొట్టేశాను. లిస్టులోంచి అండీ.

ఇప్పుడు సామాను దగ్గరికొద్దాం. మా మొదటి ప్రయాణం శ్రీశైలం అనుకున్నాం. ఇక్కణ్నుంచి కల్వకుర్తి, డిండి, మన్ననూరు మీదుగా సుమారు 215 కిలోమీటర్లు. ఇద్దరం, రెండు రాత్రులు. ఈ బండికి రెండు పక్కలా సైలెన్సర్లు ఉండటంతో మెత్తటి సంచులు వేలాడదీస్తే అడుగు దానికి తగులుతుంది. ఈ పాఠం నేను డబ్బులిచ్చి నేర్చుకున్నాను. ఘట్‌కేసర్ దాకా సరదాగా వెళ్లి వచ్చేసరికి కొత్త సంచి అడుగు కరిగి, మా ఆవిడ శాలువాకి అరచేయంత కన్నం పడింది. శాలువా వాళ్ల పుట్టింటి వాళ్లు పెట్టినది. ఇంతకు మించి వివరాలొద్దు.

అందుకే ముందు ఇనుప స్టాండ్లు, ఆ తర్వాతే సంచులు. స్టాండు సంచిని సైలెన్సర్ నుంచీ చక్రం నుంచీ దూరంగా పట్టి ఉంచాలి. కొనేముందు అది చీర గార్డు ఉండగానే బిగుస్తుందా అని అడగండి. కొన్ని గార్డు విప్పితే తప్ప పట్టవు. నేను రెండు దుకాణాల్లో వద్దని, మూడో చోట దొరికింది తీసుకున్నాను. స్టాండు ఉంది కదా, గార్డు ఎందుకని అక్కడా అన్నారు. సంచి తీసేసిన రోజున ఆ చక్రాన్ని కప్పేదేమిటి మరి?

వెనక పెట్టెకి 2020లో కేంద్రం కొలతలు పెట్టింది: పొడవు 55, వెడల్పు 51, ఎత్తు 50 సెంటీమీటర్లు మించకూడదు. పెట్టెని వెనక మనిషి కూర్చునే చోట బిగిస్తే ఇక నడిపే మనిషి ఒక్కడే వెళ్లాలి. ఇంకొకరిని ఎక్కించుకోవాలంటే అది ఆ సీటు వెనక్కి ఉండాలి, మొత్తం బరువు కంపెనీ చెప్పిన హద్దు దాటకూడదు. ఈ బరువు లెక్కలో మనుషులు, సామాను, స్టాండ్లు అన్నీ వస్తాయి. బాత్‌రూమ్ స్కేలు మీద సంచులు తూస్తుంటే మా ఆవిడ నవ్వింది. తర్వాత నన్నూ ఎక్కించి తూచింది. అప్పుడు నేను నవ్వలేదు.

బరువు ఎంతన్నదే కాదు, ఎక్కడన్నదీ ముఖ్యమే. వెనక చక్రం ఇరుసుకి అవతల ఎత్తులో బరువు పెడితే ముందు చక్రం తేలికవుతుంది, స్పీడులో హ్యాండిల్ వణుకుతుంది. కాబట్టి పనిముట్లు, నీళ్ల సీసాలు పక్క సంచుల అడుగున, రెండు వైపులా సమానంగా. పెట్టెలో బట్టలు, రెయిన్‌కోట్లు, ప్రసాదానికి కాస్త ఖాళీ. వేలాడే పట్టీల కొసలు మడిచి కట్టేయాలి. చెయిన్‌లో పట్టీ పడినా కొంగు పడినట్టే. సామాను ఎక్కాక వెనక సస్పెన్షన్ ఓ మెట్టు బిగించి, టైర్లలో గాలి కంపెనీ చెప్పిన లెక్కకి పట్టించాలి. చాలామంది ఈ రెండూ చేయకుండా "లోడ్‌తో బండి ఊగుతోంది" అంటారు.

పెట్రోలు డబ్బా మోయాల్సిన పని లేదు. ట్యాంకు 13.7 లీటర్లు. లీటరుకి 25 వేసుకున్నా 340 కిలోమీటర్లు. సంచిలో పెట్రోలు, పక్కనే వేడి సైలెన్సరు అనే ఆలోచనే రానివ్వకండి.

ఫోన్ చార్జర్, ఫాగ్ లైట్లకి కరెంటు తీసేటప్పుడు హెడ్‌లైటు వైరు కోసి టేపు చుట్టే పద్ధతి వద్దు. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో, లైట్లకి రిలేతో విడిగా వైరు లాగించండి. తాళం తీస్తే కరెంటు ఆగిపోయేలా ఉండాలి. ఫాగ్ లైట్లు సిటీలో ఆపేయాలి. ఎదుటివాడి కళ్లలో కొట్టి మనం సాధించేదేమీ లేదు.

పదకొండు కాస్తా చివరికి ఐదయ్యాయి. స్టాండ్లు, సంచులు, పెట్టె, చార్జర్, సీటు. సీటు కూడా లెదర్ కాదు, వెనక భాగంలో కాస్త మందంగా ఫోమ్ వేయించి రెక్సిన్ కుట్టించాం. ఓ గంట కూర్చుని చూసి 'ఊఁ' అన్నది మా ఆవిడే కాబట్టి, నిర్ణయమూ ఆవిడదే.

పోయిన శుక్రవారం తెల్లవారుజామున బయల్దేరాం. మన్ననూరు చెక్‌పోస్టు నుంచి పులుల అడవి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు మూసేస్తారు. తిరుగు ప్రయాణంలో ఇది గుర్తుంచుకోండి. మా ఆవిడ చున్నీ రెండు కొసలూ జాకెట్ లోపలికి దోపి, జిప్ మెడ దాకా లాక్కుంది.

ఇంజన్ స్టార్ట్ చేయబోతుంటే అమ్మ సెల్లార్‌లోకి దిగొచ్చింది. ఆ వేళప్పుడు లిఫ్టులో ఒక్కతే. జాగ్రత్తలు చెబుతుంది కాబోలనుకున్నాను. ఏమీ మాట్లాడకుండా బండి ఎడమ పక్కకి వెళ్లి, వంగి, కుడి చేత్తో చీర గార్డు పట్టుకుని రెండుసార్లు గట్టిగా ఊపి చూసింది.

"కదలట్లేదులే. వెళ్లి రండి" అంది.