దాచిన దస్త్రాలు, తీరని సందేహం: అనుజ్ ధర్ రచనల పరిశీలన

సేత్తూరు: ‘నేతాజీ బతికే ఉన్నారు’ అన్న మాట రాజపాళయం, సేత్తూరు ప్రాంతాల పెద్దలకు కొత్తది కాదు. 1950వ దశకంలో పసుంపొన్ ముత్తురామలింగ తేవర్ ఆ మాటను బహిరంగంగా ప్రకటించారు. మలయా తోటల తమిళ కూలీలెందరో ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరినందున దక్షిణ తమిళనాట ఆ ఆశ లోతుగా వేళ్లూనుకొంది.

ఈ తరంలో ఆ విశ్వాసానికి గ్రంథరూపమిచ్చినవారిలో ముఖ్యుడు పాత్రికేయుడు అనుజ్ ధర్. 2005లో ‘బ్యాక్ ఫ్రమ్ డెడ్’, 2012లో ‘ఇండియాస్ బిగ్గెస్ట్ కవర్ అప్’ వెలువరించారు. 2018లో లాల్ బహదూర్ శాస్త్రి మరణంపైనా పుస్తకం రాశారు. ఆయన కృషిని రెండు భాగాలుగా చూడాలి.

మొదటిది దస్త్రాల కోసం పోరాటం. 1945 ఆగస్టు 18న తైపీ విమాన ప్రమాదంలోనే నేతాజీ మరణించారని 1956లో షానవాజ్ కమిటీ, 1974లో ఖోస్లా కమిషన్ తేల్చాయి. ప్రమాదంలో మరణించలేదని 2005లో ముఖర్జీ కమిషన్ చెప్పగా, ప్రభుత్వం 2006లో తిరస్కరించింది. ఇన్ని మాటల నడుమ దస్త్రాలను దాచడం అనుమానాన్ని పెంచింది. ధర్ బృందమైన ‘మిషన్ నేతాజీ’, బోస్ కుటుంబీకులు పట్టుబట్టారు. 2015లో పశ్చిమ బెంగాల్ 64 దస్త్రాలను, 2016 జనవరి 23న కేంద్రం 100 దస్త్రాలను బయటపెట్టాయి. స్వతంత్ర భారతంలోనూ బోస్ కుటుంబంపై ఏళ్ల తరబడి నిఘా సాగిన సంగతి వెలుగుచూసింది. ఇంతవరకు ధర్ చేసిన మేలు కాదనలేనిది.

రెండవది ఆయన నిర్ణయం: 1985లో ఫైజాబాద్‌లో మరణించిన గుమ్నామీ బాబాయే నేతాజీ అని. ఇందుకు తిరుగులేని ఆధారం లేదని ముఖర్జీ కమిషనే పేర్కొంది. ఆయన నేతాజీ కారనీ, నేతాజీ అనుయాయి అనీ సహాయ్ కమిషన్ తేల్చింది. ఆ కాలపు ప్రమాద నమోదేదీ లేదని తైవాన్ ప్రభుత్వం 2003లో ధర్‌కు తెలిపిన మాట నిజమే. అయితే 1945 ఆగస్టులో తైవాన్ జపాన్ ఏలుబడిలో ఉంది. కనుక తైవాన్ వద్ద నమోదు లేకపోవడం ప్రమాదమే జరగలేదనడానికి రుజువు కాదు. నేతాజీ తైపీ ఆసుపత్రిలో కాలిన గాయాలతో మరణించారని జపాన్ 1956లో రూపొందించిన నివేదిక చెబుతోంది. అది 2016లో బహిర్గతమైంది.

టోక్యోలోని రెన్కోజీ ఆలయంలో అస్థికలున్నాయి. వాటికి డీఎన్ఏ పరీక్ష చేసి స్వదేశానికి తేవాలని కుమార్తె అనితా బోస్ ఫాఫ్ కోరుతూ వచ్చారు. అంత్యక్రియలు జరగని మరణం ఒక ఇంటికి ఎంత భారమో పల్లె కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు. నేతాజీపై గౌరవం ఆయన మరణ తేదీని బట్టి పెరగదు, తరగదు. సెల్‌ఫోన్‌లో కొత్త కథ వచ్చినప్పుడెల్లా ఆ కుమార్తె కోరిన పరీక్ష ఏమైందని అడగడమే మేలు.