డాక్టరు కంట పడ్డ పిల్లలే

సంపాదకులకు,

‘వైద్యుడు పోలీసు కాడు’ అన్న మీ ఆదివారం వ్యాసం సగమే నిజం. 2018లో యాదగిరిగుట్టలో వ్యభిచార కూపాల నుంచి చిన్నపిల్లలను విడిపించినప్పుడు, వాళ్లకు హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చాడన్న అభియోగంపై ఓ డాక్టరూ అరెస్టయ్యాడు.

అంటే ఆ పిల్లలు డాక్టరు కంట పడ్డవాళ్లే. అలాంటి పిల్లను గుర్తుపట్టాలంటే ఇవి చూడండి: ఓపీలో పిల్ల పేరు, వయసు, నొప్పి ఎక్కడో కూడా వెంట వచ్చిన ‘పిన్ని’ గారే చెబుతున్నారా? ఆధార్ కార్డు ఆవిడ సంచిలోనే ఉందా? పిల్ల ఆవిడ ముఖం చూశాకే తలూపుతోందా? ఆవిడను ఓపీ చీటీకి పంపి, నర్సమ్మ పిల్లతో విడిగా మాట్లాడాలి. భాష రాకపోతే వేరే మనిషిని పిలవాలి, ఆవిడను మాత్రం కాదు.

మైనరుపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయడానికి ఎంతసేపు? బాధితులు పెద్దవాళ్లయితే, ఫిర్యాదు చేయమంటారా అని ముందు వాళ్లనే అడగండి; తొందరపడితే తిరిగెళ్లాక దెబ్బలు తినేది వాళ్లే.

— ఒక స్టాఫ్ నర్సు, నల్గొండ