కాంట్రాక్టు ముగిసిన రోజున

హైదరాబాదు సంఘాల్లో ఆదివారం ప్రార్థన మనవుల్లో తరచూ వినబడే మాట, "సహోదరునికి ఉద్యోగం పోయింది" అన్నది. విచారిస్తే చాలాసార్లు పోయింది ఉద్యోగం కాదు, ముగిసింది కాంట్రాక్టు. ఈ రెండూ ఒకటి కావని సంఘ పెద్దలు ముందుగా గ్రహించాలని మా మనవి.

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఇలాంటి సాఫ్ట్‌వేర్ డెవలపర్ మెడలోని కార్డు మీద ఒక కంపెనీ పేరుంటుంది, జీతం వేసేది మరో కంపెనీ. ఆరు నెలలకని మొదలైన పని మూడేసి నెలల పొడిగింపులతో నాలుగేళ్లు సాగుతుంది. ఒకరోజు ఈమెయిల్ వస్తుంది. లాప్‌టాప్ అప్పగించాలి, సాయంత్రానికి లాగిన్ ఆగిపోతుంది. కంపెనీ ఇచ్చిన గ్రూపు ఆరోగ్య బీమా కూడా సాధారణంగా ఆ రోజుతోనే సరి. తండ్రికి డయాలసిస్ జరుగుతున్న ఇంట్లో జీతం కన్నా ముందు దీని గురించే కంగారు. నాలుగేళ్లు రోజూ చేయించుకున్న పనిని తాత్కాలికమని పిలవడం మాకు న్యాయంగా తోచదు. లాబాను దగ్గర ఇరవై ఏళ్లు కొలువు చేసిన యాకోబు, వెళ్లిపోయేటప్పుడు మామ ముఖం మీదే జీతం లెక్క చెప్పాడు. మన యౌవనస్థులు మాత్రం అడగడానికి మొహమాటపడుతున్నారు.

ఏమి అడగాలి? 1972 నాటి చట్టం ప్రకారం మామూలుగా అయిదేళ్లు నిండితేనే గ్రాట్యుటీ. 2025 నవంబరు 21న కేంద్రం అమల్లోకి తెచ్చిన కార్మిక కోడ్‌లు, నిర్ణీత కాలానికి నియమితుడైన ఉద్యోగికి ఏడాది సేవకే ఆ హక్కు ఇచ్చాయి. ఏడాదికి 15 రోజుల వేతనం, నెలను 26 రోజులుగా లెక్కిస్తారు. నెల వేతనం 40,000 రూపాయలైతే ఏడాదికి సుమారు 23,000. పెద్ద మొత్తమేమీ కాదు, కానీ ఒక నెల ఇంటి అద్దె గడుస్తుంది. అయితే మెలికంతా నియామక పత్రంలో ఉంది. అందులో "కన్సల్టెంట్" అని రాసి, జీతానికి బదులు ఫీజు ఇచ్చి టీడీఎస్ కోస్తుంటే గ్రాట్యుటీ, పీఎఫ్ రెండింటి ఊసే ఉండదు. చేతికి ఎక్కువ వస్తుందని సంతోషంగా సంతకం పెట్టిన కాగితం సరిగ్గా అదే.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఇంకో గడియారం తిరుగుతుంటుంది. హెచ్-1బి వీసాపై ఉన్నవారికి పని ఆగాక గరిష్ఠంగా 60 రోజులే గడువు, అనుమతి ముందే ముగిసేట్లయితే అదీ లేదు. ఇక్కడి తల్లిదండ్రులు ఫోనులో కొత్త ఇంటి గృహప్రవేశం ఎప్పుడని అడుగుతుంటారు.

సంఘం చేయగలిగింది చాలా ఉంది. ఆరాధన ముగిశాక గుమ్మం దగ్గర "ఇంకా దొరకలేదా బాబూ?" అని నలుగురూ అడిగితే ఆ బాబు మరుసటి ఆదివారం రాడు. మాట్లాడుతున్న పెళ్లి సంబంధం వాళ్లు వెనక్కి తగ్గారని వింటే ఇల్లంతా మానేస్తుంది. ప్రతి సంఘంలోనూ బ్యాంకుల్లో, అకౌంట్స్ విభాగాల్లో పనిచేసి రిటైరైన పెద్దలున్నారు. వారిలో ఒకరు ఒక సాయంత్రం అతనితో కూర్చుని నియామక పత్రం, పేస్లిప్పులు చదివిపెడితే మేలు. రిలీవింగ్ లెటర్, ఫారం 16 అడిగారా, పీఎఫ్ ఖాతాలో కంపెనీ వదిలిన తేదీ నమోదైందా చూడాలి. కంపెనీ వేయకపోతే, చివరి జమ జరిగిన రెండు నెలల తర్వాత ఈపీఎఫ్ఓ పోర్టల్‌లో ఉద్యోగే ఆ తేదీ వేసుకోవచ్చు.